ఎర్రగా మెరవనివి

"కొంగులో ఏం దాస్తున్నావే? చూపించు."

జయ గొంతులోని అనుమానం పట్టించుకోకుండా మాసే కొంగు విప్పింది. నాలుగైదు తెల్లటి ముక్కలు. జయ నల్ల కంబళి నెత్తిన కప్పుకుని, ఆ చీకట్లో యూవీ టార్చి వేసి చూసింది. నీలం కలిసిన తెలుపులో మెరిశాయి.

"నత్తగుల్లలు, సున్నపురాయి పెచ్చులూను! నిప్పులా ఎర్రగా మెరిసేవి ఏరమన్నాను కదా?"

"ఎర్రయి మీకే అమ్మా. తెల్లయి నాకు."

జయకు ఒళ్ళు మండింది. బచేలీ గనుల టౌన్‌షిప్పులో మిగతా ఆడవాళ్ళు చీరలు పోగేస్తే ఆమె మెరిసే రాళ్ళు పోగేస్తుంది. అద్దాల బీరువా నిండింది కానీ, కెంపు జాతి కురువిందం ఒక్కటీ లేదు. అందుకే వాన వెలిసిన ఆదివారమల్లా మద్దేడ్ దాటి, మూతబడిన ఈ క్వారీకి వస్తోంది. వాన నీళ్ళకు మట్టి జారి కొత్త రాళ్ళు బయటపడతాయి. పక్క ఊరి మాసే తోడొస్తుంది. కూలి ఇస్తానంటే వద్దంది. ఆ లైటు కాసేపు తన చేతికిస్తే చాలంది. కూలి వద్దనే మనిషిని నమ్మడమెలాగో జయకు తెలియదు.

మొదటి రోజు ఇద్దరూ ఒకే కంబళి కింద దూరారు. జయ నవ్వగానే మాసే ఉలిక్కిపడింది.

"ఏంది అమ్మా, మీ పండ్లు మెరుస్తున్నయ్!"

"పళ్ళు ఈ లైటుకి అలాగే మెరుస్తాయి. నీవీ మెరుస్తున్నాయి."

"మా ఆయనదైతే సగమే మెరుస్తది. ముందుపన్ను ఇరిగింది గద." పకపకా నవ్విన మాసే చటుక్కున ఆగిపోయింది.

ఆమె మొగుడు సన్న ఈ క్వారీలోనే పనిచేసేవాడు. రెండేళ్ళ కిందట వానల్లో గోడ విరిగిపడింది. కింద ఎవరూ లేరని చెప్పి, క్వారీ నడిపే కాంట్రాక్టరు ఠేకేదారు దాన్ని మూసేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచే సన్న లేడు. ఎవతెనో వెంటేసుకుని మిర్చి ఏరడానికి తెలంగాణ లారీ ఎక్కాడని ఠేకేదారే చెప్పాడు. ఊరు నమ్మింది. తన కారు డ్రైవరు చెప్పగా విని జయా నమ్మింది.

"ఇంకా వాడి కోసమే చూస్తున్నావా?" ఇప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి జయ గొంతు కాస్త మెత్తబడింది.

"చూస్తున్ననమ్మా."

"వాడు రాడు. ఇంకో పెళ్ళి చేసుకుని సుఖపడు."

"మా మామ గూడ అదే అంటడు. మొగడు ఇడిసిపెట్టినదానికి పొలమెందుకని ఈ పంట గాంగనే ఎల్లగొడ్తడంట. నా పోరగాండ్లను ఊరంత భగోడా పిల్లలని, పారిపోయినోని పిల్లలని పిలుస్తున్నరు."

జయ నిట్టూర్చి మళ్ళీ రాళ్ళ మీద పడింది. పరాయి కష్టానికి ఆమె ఇచ్చే సమయం అంతే.

పొద్దున వస్తూ దారిపక్కన నిలువెత్తు రాళ్ళు చూసి, ఒకదాని పెచ్చు తీయబోయింది. మాసే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "వద్దమ్మా! మనిషి సచ్చిపోతే మేం నిలబెట్టే రాళ్ళయి." మామూలు నల్లరాళ్ళే కదా అని జయ వదిలేసింది.

మధ్యాహ్నానికి జయ పంట పండింది. పిడికెడు కురువిందం, కంబళి చీకట్లో కణకణలాడే బొగ్గులా ఉంది. గాల్లో తేలిపోతూ టార్చి, కంబళి మాసే చేతిలో పెట్టింది.

"ఇంద, నీ గుల్లలు ఏరుకో పో."

మాసే విరిగిపడిన గోడ మొదట్లో, నిన్నటి వానకు కోసుకుపోయిన చోట కంబళి కప్పుకుని కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు. జయకు మళ్ళీ అనుమానం పొడుచుకొచ్చింది. వెళ్ళి కంబళి లాగేసింది.

"ఏం దొరికింది? ఎవరికైనా అమ్ముకుంటున్నావా? చెయ్యి తియ్!"

మాసే పిడికిలి విప్పింది. గోరంత నున్నటి తెల్ల ముక్క. అదీ సగం విరిగినది.

"ఓస్, ఇంతేనా! పారెయ్, ఎందుకూ పనికిరాదు."

మాసే పిడికిలి మూసి గుండెకు అదుముకుంది.

"ఇగ మా ఆయనకు రాయి నిలబెడ్త."