చివరి వరుస

“ఇదేందప్పా దేవయ్యా? మళ్లా ఊడినాయే!”

ఇక్బాల్ కేక విని, శుక్రవారపు జుమా నమాజు నుంచి అప్పుడే తిరిగొచ్చిన వాళ్ళంతా కార్లు దిగి గోడ దగ్గరికి వచ్చారు. పొద్దుటి నుంచి చెమటోడ్చి పేర్చిన పై వరుసలో సగం బ్లాకులు కింద పడి ఉన్నాయి. పోయిన శుక్రవారమూ ఇదే తంతు, అంతకు ముందు శుక్రవారమూ ఇదే తంతు.

దేవయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. జగిత్యాల వైపు మనిషి, గల్ఫుకొచ్చి రూవిలో కంపెనీ రూములో ఉండే తాపీ మేస్త్రీ. మిగతావాళ్ళు వారానికోసారి పుణ్యానికి తాపీ పట్టే ఆఫీసు మనుషులు. ఇతను మాత్రం వారమంతా చేసే పనినే సెలవునాడు ఊరికే వచ్చి చేసేవాడు. అందరూ మసీదుకు వెళితే సైట్లో మిగిలేదీ ఇతనొక్కడే.

“నేను తియ్యలే సాబ్. నా చెయ్యి వాటి మీద వడలే.”

“మరి ఎవరు తీసినట్టు, మేకలా?” అన్నాడు సుఫియాన్. హైదరాబాదీ, అకౌంటెంటు. పొద్దున వేలు బ్లాకు కింద పడి నలిగింది, కోపమంతా అక్కడే ఉంది. “ఇక్బాల్ భాయ్, మనం ఉంటే పడవు, మనం పోతే పడతాయి. ఈయన్ని రావద్దని చెప్పెయ్యండి, కిస్సా ఖతం.”

ఆ మాట అనడానికి ఇక్బాల్‌కు నోరు రాలేదు. ఈ మనుషుల్నందరినీ పోగేసి పని నడిపిస్తున్నది అతనే గానీ, గోడ కట్టడం నేర్పింది దేవయ్యే. ఒక్కరోజు సెలవు, రూములో హాయిగా పడుకోక ఎందుకొస్తావని ఒకసారి అడిగాడు కూడా.

“రూమ్ల ఏమున్నది సాబ్, గోడలు సూసుకుంట కూసునుడే. ఈడ గూడ గోడలే గని, నలుగురుంటరు” అన్నాడు దేవయ్య. పెళ్ళాం పిల్లలతో కాపురముండే ఇక్బాల్‌కు ఆ మాట అంతగా తలకెక్కలేదు.

కొండవాగు పొంగి, ఉన్న ఇల్లు కాస్తా కొట్టుకుపోతే, ఉమ్మ్ నాదియాకు విరాళాలతో కట్టిస్తున్న ఇల్లు అది. గదులు పూర్తయ్యాయి, ఆమె లోపల చేరింది కూడా. మిగిలింది వాకిటి ప్రహరీ ఒక్కటే. అది లేస్తే ఇక్కడి పని సరి. తర్వాతి ఇల్లు ఎక్కడో బురైమి దగ్గర, దాన్ని అక్కడివాళ్ళే కట్టుకుంటారు. ఉమ్మ్ నాదియా అంటే నాదియా వాళ్ళమ్మ అని. ఆ నాదియాను మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఎప్పటిలాగే ముసలామె పెద్ద పళ్ళెంలో అన్నం, వేయించిన చేప తెచ్చి అందరి మధ్యా పెట్టింది. దేవయ్య ముందుకు ఇంకో ముక్క తోసింది. అందరి మొహాలూ ఒకసారి చూసి, “వచ్చే జుమాకు వస్తారుగా?” అని అరబ్బీలో అడిగింది.

“గోడ నిలబడితే ఇంకెందుకమ్మా? ఇక మీ ఇల్లు మీది” అంటూ ఇక్బాల్ అరబ్బీలోనే జవాబిచ్చి నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చేతులు కడుక్కున్నాక ఇక్బాల్ దేవయ్యను పక్కకు పిలిచాడు.

“వచ్చే వారం ఒక్కసారి సూస్తా. అప్పుడు గూడా పడిందంటే నిన్ను రావద్దనక తప్పదు నాకు. ఏమనుకోవద్దప్పా.”

దేవయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. “గట్లనే సాబ్” అని తాపీ కడగడానికి వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం అతను తల ఎత్తకుండా పనిచేశాడు. సిమెంటు మాలు తనే కలిపాడు. పై వరుస తనే పేర్చాడు, ఇంకొకర్ని చెయ్యి పెట్టనివ్వలేదు. పాపం ఎంత జాగ్రత్త పడుతున్నాడో అని ఇక్బాల్‌కు జాలేసింది. ఆ జాలితోనే మసీదులో తప్పనిసరైన ఫర్జ్ నమాజు అవగానే, మిగతా నమాజుకు ఆగకుండా ఒక్కడే లేచి వచ్చేశాడు. కారు దూరంగా ఆపి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడ్డాడు.

ఉమ్మ్ నాదియా ఇనుప గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అటూ ఇటూ చూసి, గరిటె కాడను బ్లాకుల సందులో దూర్చి మీటడం మొదలుపెట్టింది.

ఇక్బాల్‌కు ముందు గుండె తేలికపడింది, వెంటనే సిగ్గేసింది. దేవయ్యకు ఏ పాపమూ తెలియదు. వచ్చే జుమాకు వస్తారుగా అని ఆమె అడిగింది గుర్తొచ్చింది. గోడ పూర్తయిపోతే ఈ ముసలామె ఆ పళ్ళెం ఎవరి ముందు పెట్టుకుంటుంది? అది తోచనందుకు తనను తాను తిట్టుకున్నాడు. వెళ్ళి దేవయ్య చేతులు పట్టుకుని తప్పైపోయిందని చెప్పాలనుకున్నాడు.

ఆమె ఎంత మీటినా బ్లాకు కదల్లేదు. రేగుచెట్టు కింద కూర్చున్న దేవయ్య అది చూసి లేచి వచ్చాడు. ఆపుతాడనుకున్నాడు ఇక్బాల్. దేవయ్య ఆమె చేతిలోంచి మెల్లగా గరిటె తీసుకున్నాడు. ఆమెకు తెలుగు రాదని తెలిసీ, పక్కింటి పెద్దమ్మతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“నన్నయితే ఇగ రానియ్యరమ్మా. గోడ వడితె వాళ్ళయినా వస్తరు నీ కాడికి. అది గాదు, అది గట్టిగ పట్టుకున్నది. గీ మూలది గుంజు, దీనికి సిమెంటు తక్కువేసిన.”