పంపు గదిలో ఐదు జాడీలు

చమురు డబ్బుతో దోహా పెరుగుతున్న రోజులవి. నగరం పక్కనే అల్ రయ్యాన్‌లో ఖర్జూరపు తోటకు కాపలా ఉండే గంగన్న, తమ్ముడు జలంధర్‌తో కలిసి పంపు గదిలో రహస్యంగా ఎండుద్రాక్ష వైన్ చేసేవాడు. ఏడాదికి ఐదే జాడీలు. గంగన్న ఒక్కో జాడీని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, లోపల పులిసిందో లేదో చెప్పేవాడు. ఆ వేసవిలో ఎండదెబ్బకు గంగన్న పోయాడు. శవపేటిక ఊరికి వెళ్లింది.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక, మూతలు తీద్దామని జలంధర్ ఒక్కడే లోపలికి వెళ్లి గడియ పెట్టాడు. లాంతరు వెలిగించబోతుంటే గది చివర ఒక జాడీ టక్కుమంది. కాసేపటికి దాని పక్కది మోగింది.

తోట డ్రైవర్ జహాంగీర్ ముందే లోపల ఉన్నాడేమోనని జలంధర్ అనుకున్నాడు. "భాయ్, నువ్వేనా?"

మూడోది మోగింది. నడుమ ఎవరో చెవి పెట్టి వింటున్నంత నిశ్శబ్దం.

జలంధర్ చేతిలోంచి అగ్గిపుల్ల జారిపోయింది. "అన్నా, నేనే, జలంధర్‌ను. నువ్వు లేవు గదా, ఎప్పుడు తియ్యాల్నో నాకు తెల్వక ఇన్ని దినాలు ఆగిన."

నాలుగోది మోగింది. ఐదోది అతని మోకాలి పక్కనే మోగింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అతను గడియ కోసం తడిమాడు.

అప్పుడు వీపు మీద చల్లటి వేలి కణుపు తట్టింది. తట్టిన చోటే, మెల్లగా, ఒక చెవి ఆనుకుంది.