రెండంగుళాల తరుగు

"నీ గుండె ఆగిపోతుంది, నే చెప్తున్నా విను. అక్కడ మెట్ల మధ్యలో, అందరి ముందూ ఆగిపోతుంది," అంది తల్లి, వీధి తలుపుకి వీపు ఆనించి నిలబడి.

కూతురు బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. అగ్నిమాపక దళంలో ఉద్యోగానికి ఆ రోజే పరీక్ష. ఇసుక మూట భుజాన వేసుకుని ఐదంతస్తులు ఎక్కాలి. ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. గంట కూడా లేదు.

"ఈ వారంలో నువ్వు నన్ను చంపడం ఇది నాలుగోసారమ్మా. తప్పుకో."

తల్లి కదల్లేదు. చేతిలో ఉన్న గాజు సీసా పైకెత్తి చూపించింది. బలానికని వేళ్ళూ బెరళ్ళూ దంచిన పొడి. కొన్నది తనే. పిల్ల ఎండుపుల్లలా ఉందని, ఆ మూట కింద పడి నలిగిపోతుందని బెంగపడి మూలికల దుకాణానికి తనే పరిగెత్తింది. ఇది తిని లేవని మనిషి లేడని దుకాణదారు అన్న మాటని ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చేదాకా చెప్పింది. పొద్దున ఒక్క చెంచా, మించితే గుండెకి చేటని అతనన్న రెండో మాట మాత్రం తనలోనే పెట్టుకుని కుమిలిపోయింది. పక్షవాతంతో పది నెలలుగా మంచాన ఉన్న, మాట కూడా పడిపోయిన అత్తగారి గదిలో, మందుల అలమరలో సీసాని జాగ్రత్తగా దాచింది.

ఆమె బట్టలు కుట్టే మనిషి. కొలిస్తే గానీ దేన్నీ నమ్మదు. మెడలో వేలాడే టేపుని రోజూ సీసాకి ఆనించి చూస్తోంది. రోజుకో చెంచా లెక్కన ఈపాటికి అరంగుళం తగ్గాలి. రెండంగుళాలు తగ్గింది.

"ఎన్ని చెంచాలు తింటున్నావో చెప్పి కదులు."

ఒకటేనంది కూతురు. నీ ఎదురుగానే కదా తింటున్నానంది.

తల్లి ఇక ఆపుకోలేకపోయింది. మధ్యాహ్నాలు తను వెనక వరండాలో మిషన్ తొక్కుతుంటే ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టు ఉంటోందని, లేచి వచ్చి చూస్తే నడవలో ఎవరూ ఉండరని చెప్పింది. తన చేత్తో వేసిన వీధి తలుపు గడియ తీసి ఉంటోందని చెప్పింది. నడవ గోడ పొడుగునా, నడుమెత్తున, గోధుమరంగు వేలిముద్రలు. మూడు రోజులు తడిగుడ్డతో తుడిచిందట. నాలుగో రోజు మళ్ళీ వచ్చాయట. దయ్యమనుకుని చచ్చేకంటే, నువ్వే దొంగచాటుగా వచ్చి తింటున్నావనుకోవడం నయమనిపించిందే, అంది.

కూతురు తాళ్ళు వదిలేసి లేచింది. పగలంతా శిక్షణ మైదానంలోనే ఉంటానని, పొద్దున సంతకం పెడితే సాయంత్రం దాకా గేటు దాటనివ్వరని మెల్లగా చెప్పింది. చెబుతూనే గోడ దగ్గరికి నడిచింది. ముద్రలు ఈ రోజూ ఉన్నాయి. వాటి మీద తన వేళ్ళు ఆనించి చూసుకుంది. ఆ వేళ్ళు తన వేళ్ళకంటే సన్నం.

వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మా, ఒకటి చెప్తాను. నన్ను తిట్టకు. ఆ సీసాలో పొడి లేదు."

తిన్న మొదటి వారమే గుండె దడ పట్టుకుందట. చెబితే పరీక్షకే పంపవని భయపడి పొడి మొత్తం పారబోసిందట. గోధుమపిండిని మాడేదాకా వేయించి, తల్లి టేపుకి అనుమానం రాకుండా అంతే ఎత్తుకి నింపిందట. పదిహేను రోజులుగా చెంచాడు చెంచాడు తింటున్నది ఆ పిండే.

తల్లి మూత తీసి చిటికెడు నాలిక మీద వేసుకుంది. పిండే. పిల్ల గుండెకి ఏమీ కాదు. ఆ ఊరటకి కళ్ళు చెమర్చాల్సింది. చెమర్చలేదు. మెడలో టేపు తీసి మళ్ళీ సీసాకి ఆనించింది.

"అయితే మిగతాది ఎవరు తింటున్నట్టు?"

గోడగడియారం ఏడుంబావు దాటింది. వీధి తలుపు అవతల ఎవరో దగ్గుతూ వెళ్ళిపోయారు. ఇద్దరూ ఆ ముద్రల వైపే చూస్తూ నిలబడ్డారు.

అంతలో నడవ చివరి గదిలో మంచం కిర్రుమంది. పది నెలలుగా ఆ ఇంట్లో వినపడని గొంతు, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ, ముద్దముద్దగా వచ్చింది.

"అది పిండే అయితే... రోజూ నన్ను వీధి తలుపు దాకా నడిపించింది ఎవరమ్మాయ్?"