చెరిపెయ్యమన్న గొంతు

“ఆపు! ఆ గొంతు వింటుంటే ఒళ్లు మండుతోంది!”

సంగీత దర్శకురాలు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీదికి గిరాటేసింది. మూలన స్టూలు మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్న వేణువు విద్వాంసుడు ఉలిక్కిపడ్డాడు. సినిమా పాటకు వాయించమని అతనికి కబురు రావడం ఇదే మొదటిసారి. అదీ ఆవిడ దగ్గర్నుంచి! ఆవిడ పాటలు వింటూ పెరిగినవాడు. పాడటం మానేసి బాణీలు కడుతున్న ఆవిడ తనను పిలిచిందనేసరికి ఎగిరి గంతేసి వచ్చాడు.

“పై స్థాయిలో ఆ జీర చూడు. అది గొంతా, తుప్పు పట్టిన తలుపా?”

“అంత మాటెందుకు మేడం? రెండేళ్ల తర్వాత పాడిన పాట...” సౌండ్ ఇంజనీరు నీళ్లు నమిలాడు.

“రెండేళ్లు మూసుకున్న నోరు మళ్లీ ఎవరు తెరవమన్నారు? సిగ్గుండక్కర్లా? చెరిపెయ్. ట్రాక్ పాడిన కొత్తమ్మాయి గొంతే ఉంచు.”

అసలు గాయని వచ్చేదాకా దారి చూపడానికి పాడిపెట్టేదే ట్రాక్. మామూలుగా అయితే చెరిపేసేది దాన్ని.

“నిర్మాతగారు ఊరుకోరు మేడం. పోస్టరు మీద గాయని పేరు వేయించేశారు.”

“పేరొచ్చి పాడుతుందా? చెరిపెయ్ అన్నానా!”

వేణువు విద్వాంసుడికి తిక్కరేగింది. జీర ఉంటే ఉండనీ, ఆ గొంతులో ప్రాణం ఉంది. ఇందాక స్పీకర్లో వింటూ అతను కళ్లు కూడా తుడుచుకున్నాడు.

“ఒకప్పుడు మీరూ గాయనే కదా మేడం! సాటి మనిషిని పట్టుకుని ఇంత హీనంగా మాట్లాడతారా?”

“వాయించడానికొచ్చారు. వాయించి వెళ్లండి.”

“కుర్చీ ఎక్కగానే కళ్లు నెత్తికెక్కాయన్నమాట! నా వేణువు మీ పాటలో మోగదు.”

ఆవిడ తనే చెయ్యి చాచి మీట నొక్కి, ఆ గొంతును చెరిపేసింది.

అతను వేణువును సంచిలో కుక్కుకుని విసురుగా బయటికొచ్చాడు. ఇంజనీరు వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

“ఆగండి సార్, తొందరపడకండి.”

“నన్ను ఆపకండి. ఆ పాడినావిడ ఎవరో గానీ, ఒక్క మాట చెప్పండి. ఆవిడ తరపున ఒకడు పోట్లాడి, వచ్చిన పని వదులుకుని పోయాడని చెప్పండి.”

ఇంజనీరు గాజు తలుపు వైపు చూశాడు. లోపల ఆవిడ ఇంకా మీట మీద చెయ్యి తియ్యలేదు.

“వెళ్లి మీరే చెప్పండి సార్,” అన్నాడు.

“గొంతు ఆపరేషన్ తర్వాత మేడం పాడిన మొదటి పాట అది.”