జారిన క్యాచ్

"నిజం చెప్పన్నా. ఆ క్యాచ్ కావాలనే వదిలేశావు కదా?"

ఫ్రిస్కో గ్రౌండ్ పార్కింగ్‌లో ప్రభుదాస్ కారు డోర్‌కి అడ్డంగా నిలబడి అడిగాడు కెప్టెన్ నోయెల్. ఈరోజు గెలిచుంటే టీమ్ సెకండ్ డివిజన్ నుంచి ఫస్ట్ డివిజన్‌కి వెళ్ళేది. చివరి బంతికి ప్రభుదాస్ చేతుల్లోంచి క్యాచ్ జారి, మ్యాచ్ పోయింది.

"నేనెందుకు వదిలేస్తాను?"

"ఫస్ట్ డివిజన్ మ్యాచ్‌లన్నీ ఆదివారం పొద్దున్నే. ఆ టైమ్‌కి చర్చిలో కీబోర్డ్ వాయించేది నువ్వే. నాకు తెలీదనుకున్నావా?"

ప్రభుదాస్ వంగి షూ లేసులు విప్పుకోసాగాడు. నోయెల్ అనుమానం ఇంకా గట్టిపడింది. అప్పుడు తలెత్తి అన్నాడు ప్రభుదాస్:

"పై డివిజన్‌కి వెళ్తే ఆడే పదకొండు మంది లిస్టు నిన్న గ్రూప్‌లో పొరపాటున పెట్టి, వెంటనే డిలీట్ చేశావు. ఆలోగా నేను చూశాను. అందులో నా పేరు లేదు."

నోయెల్ డోర్ దగ్గర నుంచి పక్కకు జరిగాడు.

"అయితే... అందుకే వదిలేశావా?"

"అందుకే అంటే నా పరువైనా దక్కేది. కానీ కావాలని వదల్లేదు నోయెల్. రెండు చేతులతో పట్టాను, జారిపోయింది."

ప్రభుదాస్ కారెక్కాడు.

"నీ లిస్టు కరెక్టే."