కొరియా దేవత పటం

"కాల్చమని ఇస్తే దాచుకుంటావా, దొంగా?" అల్ కుసైస్‌లోని ఇంటి ముందు, కారు డిక్కీలో దొరికిన దేవత పటాన్ని కొరియా మేడమ్ తన డ్రైవర్ రాజలింగు కాళ్ల దగ్గర విసిరింది. "రేపే నీ వీసా క్యాన్సిల్."

"చేసుకోన్రి మేడమ్. కత్తి పట్టిన ఈ తల్లి అచ్చం మా ఎల్లమ్మ లెక్కనే ఉంది. కాల్చుడు నాతోని కాదు."

"ఇది మా అమ్మది. దేవత ఆమె ఒంటి మీదికి వచ్చేది. అమ్మ పోయాక పటం కాల్చకపోతే, దేవత వారసురాలిని వెతుక్కుంటుందని మావాళ్లు అంటారు. నా కూతురు మూడు రోజులుగా తిండి మానేసి, తనలో తనే మాట్లాడుకుంటోంది."

రాజలింగు తల్లి పోయిన ఏడాదే అతని చెల్లెకు పూనకం వచ్చింది. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి, దేవతకు అంకితమైన శివసత్తిని చేసి, ఆమె చేతికి వేపకొమ్మ ఇచ్చింది తనే.

వంగి పటం తీసుకున్నాడు.

"అగ్గిపెట్టె ఇయ్యున్రి మేడమ్," అన్నాడు.