రెండు సిస్టమ్‌ల కస్టమర్

"కంప్యూటర్ల రిపేరేనా? లాప్‌టాప్ చచ్చింది. వెంటనే బతికించాలి."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అవతలి గొంతులో నమస్కారం లేదు, కాస్త అన్న మాట లేదు. రిపేరు షాపు పెట్టుకున్న పాపానికి ఇలాంటి గొంతులు రోజూ వినాల్సిందే.

షాపాయన చేతులు రెండూ ఓ ముసలి ప్రింటర్ కడుపులో ఉన్నాయి. తలెత్తకుండానే అడిగాడు. "ఏం చేశారు?"

"నేనేం చేయలేదు."

కౌంటర్ దగ్గరున్న భార్య పెదవి విరిచింది. లోకంలో పాడైన కంప్యూటర్లన్నీ ఎవరూ ఏమీ చేయకుండానే పాడయ్యాయి మరి. ఆవిడ అసలే చిరాకుగా ఉంది. చెవులు వినపడని పిల్లలకి సైగల పాఠాల వీడియోలు తీసే మనిషి. నాలుగు రోజులుగా ఆ పని ఆగిపోయింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక షాపుకొచ్చి ఇక్కడ ఊరికే కూర్చుంటోంది.

"ఆన్ చేయగానే రెండు పేర్లొచ్చేవి. ఏది కావాలో ఎంచుకోమనేది," అన్నాడు కస్టమర్. "రెండు సిస్టమ్‌లు నాకెందుకు? సగం డిస్కు అదే తినేస్తోందని రెండోదాని పార్టిషన్ లేపేశా. అంతే, నల్ల తెర. మూలన ఓ తెల్ల గీత కొట్టుకుంటోంది."

ఏ సిస్టమ్‌లోకి పోవాలో అడిగే ఆ చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్. దాని కాపురం ఇతగాడు లేపేసిన సగంలోనే. కూర్చున్న కొమ్మ నరుక్కోవడాన్ని ఈ రోజుల్లో పార్టిషన్ మార్చడం అంటున్నారు.

"షాపుకి పట్రండి, చూద్దాం."

"బయటికి తేవడం కుదరదు. ఫోన్‌లోనే చెప్పు. అడుగున నీ నంబరు అంటించుకున్నావుగా, ఆ మాత్రం సర్వీసు ఇవ్వవా?"

"ఆ స్టిక్కర్ మీదే చిన్న అంకెలుంటాయి. చదవండి."

అతను చదివాడు.

షాపాయన ప్రింటర్‌లోంచి చేతులు తీశాడు. గుడ్డతో తుడుచుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అయ్యో, ఎంత కష్టమొచ్చింది నాయనా!" అన్నాడు.

భార్య ఉలిక్కిపడి చూసింది. పాస్‌వర్డ్ మర్చిపోయానని తను అడిగిన పాపానికి, "నీ బుర్రకి ముందు సర్వీసింగ్ చేయించాలి" అన్న మనిషే ఈయన. కస్టమర్ల మీద కసురుకోవడంలో వీధి మొత్తం మీద ఈయనకి సాటి లేరు. అలాంటిది, నాయనా!

"లేపేసిన చోట కొత్తగా ఏమీ వేయలేదు కదా?"

"లేదు. అసలు ఆన్ అయితేగా వేయడానికి!"

"బంగారు తండ్రివి. పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేసుకోవాలి. దగ్గర ఇంకో కంప్యూటర్ ఉందా?"

"ఇంకో మూడున్నాయి."

"అబ్బో, పెద్ద వ్యాపారమే!"

"ఏదో, సెకండ్‌హ్యాండ్ సరుకు," అన్నాడు కస్టమర్ గర్వంగా.

మూడు లాప్‌టాప్‌లున్నాయి గానీ మూడు అణాల బుద్ధి లేదు, అనుకుంది ఆవిడ.

ఇక పాఠం మొదలైంది. పెన్‌డ్రైవ్ ఎలా చేయాలో, దాంతో లాప్‌టాప్ ఎలా లేపాలో, నెట్ ద్వారా షాపు కంప్యూటర్‌కి ఎలా కలపాలో షాపాయన పసివాడికి గోరుముద్దలు పెట్టినట్టు చెప్పాడు. ఒక్కో అక్షరం మూడేసి సార్లు పలికాడు. అవతలివాడు తప్పు కొట్టి ఈయన్నే తిట్టాడు. ఈయన క్షమించమన్నాడు! ఆవిడ బిల్లుబుక్కు కౌంటర్ మీద ఠపీమని పడేసింది. ఈ ఓపికలో వీసమెత్తు ఇంట్లో చూపిస్తే కాపురం స్వర్గమయ్యేది.

చివరికి ఆ లాప్‌టాప్‌లోని డిస్కు ఈయన తెర మీద ప్రత్యక్షమైంది.

"ఇక మిగతాది ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటా. ఛార్జర్ తీయకండి. మీరూ ఎక్కడికీ కదలకండి."

లేపేసిన పార్టిషన్‌ని వెతికి నిలబెట్టాడు. ఆ తర్వాత, బూట్‌లోడర్ సంగతి పక్కన పెట్టి, అందులోని ఫైళ్లన్నీ తన కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోసాగాడు.

"తలుపు బాగుచేయమంటే సామానంతా మోస్తారేంటండీ?" అంది ఆవిడ.

"ముందు జాగ్రత్త," అన్నాడు ఆయన తెరని తన వైపుకి తిప్పుకుని. కాపీ పూర్తయ్యేసరికి కళ్లు తుడుచుకున్నాడు. కళ్లజోడు పెట్టుకోమంటే వింటేగా!

తర్వాత బూట్‌లోడర్‌ని మళ్లీ కూర్చోబెట్టి రీస్టార్ట్ చేయమన్నాడు.

"వచ్చింది! రెండు పేర్లూ వచ్చాయి బాస్!" కస్టమర్ ఎగిరి గంతేసినట్టున్నాడు. కృతజ్ఞతలు మాత్రం రాలేదు. అన్నీ ఒకేసారి రావాలంటే ఎలా?

"అప్పుడే సంబరపడకండి. ఒక్కసారి చేత్తో చూస్తే గానీ గ్యారంటీ ఇవ్వలేను. మా మనుషుల్ని ఇంటికే పంపిస్తా. మీకు ఫ్రీ."

ఇంటికెందుకని కస్టమర్ గొణిగాడు. కానీ ఫ్రీ అనే మాటకి తెరుచుకోని తలుపు ఇంతవరకూ ఎవరూ చేయలేదు. కస్టమర్ అడ్రసు చెప్పాడు. వీధి, మేడ, ఎడమ పక్క తలుపు, బెల్లు పనిచేయదు కాబట్టి గట్టిగా కొట్టాలని కూడా చెప్పాడు.

"గట్టిగానే కొడతారు లెండి," అని షాపాయన ఫోన్ పెట్టేశాడు.

భార్య ఇక ఆగలేకపోయింది. "ఫ్రీగా రిపేరు, ఆపైన ఇంటికి మనుషులు! ఈ షాపులో ఉన్నది మీరూ నేనూ. పంపడానికి మనకి మనుషులెక్కడున్నారండీ?"

"పోలీస్ స్టేషన్‌లో ఉన్నారు, ఫోన్ చేసి ఈ అడ్రసు చెప్పు," అంటూ ఆయన తెరని ఆవిడ వైపు తిప్పాడు, "మన ఇంటి తాళం పగలగొట్టి నీ లాప్‌టాప్ ఎత్తుకెళ్లినవాడు వీడే, నీ పాఠాలు ఒక్కటీ పోలేదు."